మూడు పాటలకూ పోని మనిషి

మొలకలపేట రెవెన్యూ డివిజన్ ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు పనిచేసిన చెంగల్రాయులు ఆ ముప్ఫై ఆరేళ్లలో సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. ఇది ఆయనంటే గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. ఆయనే పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాడు. ఏ కొత్త కాగితం రాయాల్సి వచ్చినా బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసేవాడు. పేర్లు మార్చి, తేదీలు మార్చి, కింద సంతకానికి చోటు వదిలి గంటలో పైకి పంపేసేవాడు. కరువు సాయం ఉత్తర్వు చూసి వరద సాయం ఉత్తర్వు రాశాడు. ఒక అధికారి స్వాగత సభకు రాసిన కాగితాన్నే మూడేళ్ల తర్వాత ఆయన వీడ్కోలు సభకూ వాడాడు. "రాసేవాడు తప్పులు రాస్తాడప్పా. చూసి దించేవాడికి తప్పు చేసే అవకాశం యాడుంటాది?" అనేవాడు.

అటువంటి మనిషికి ఉద్యోగం మొత్తం మీద ఒకే ఒక్క సొంత ఆలోచన వచ్చింది. అది కూడా రిటైరు కావడానికి నలభై రోజుల ముందు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, కడుపు నకనకలాడుతుండగా వచ్చింది.

ఆ రోజు పింఛను భార నివారణ ప్రత్యేకాధికారిగారు సమావేశం పెట్టారు. ఆయన కుర్రవాడు, చదువుకున్నవాడు, మే నెలలో కూడా కోటు విప్పేవాడు కాదు. పదకొండు గంటలకు మొదలుపెట్టి ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా చెబుతూ వచ్చారు.

"విరమణానంతర జీవితం అనేది ఉత్పాదకత లేని ఒక దశ. ఆ దశను ప్రభుత్వం ఒంటరిగా మోస్తోంది. ప్రైవేటు రంగపు చొరవ, పోటీతత్వం, సామర్థ్యం ఆ దశలోకి ప్రవేశించాలి. ఏ మార్గాన ప్రవేశించాలన్నదే మన ముందున్న మౌలికమైన ప్రశ్న" అన్నారు.

ఆ ప్రశ్న రెండున్నర గంటలుగా అక్కడే కూర్చుని ఉంది. దాన్ని ఎవరూ కదిలించలేదు. చెంగల్రాయులు బల్ల కింద క్యారియరులో రాగి సంకటి చల్లారిపోతోంది. ఆయనకు ప్రైవేటు అంటే మొదటినుంచీ గౌరవమే. ఆఫీసు ఎదురుగా ఉన్న టీ అంగట్లో రోజూ పనివేళలోనే రెండో టీ తాగుతూ, "గవర్నమెంటులో పని చేసేవాడెవడప్పా? అంతా ప్రైవేటుకు ఇచ్చేస్తే గాని దేశం బాగుపడదు" అని గట్టిగా వాదించేవాడు. ఆ అంతాలో తానూ ఉన్నాడన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

ఆకలికి ఓర్చుకోలేక నోరు జారాడు.

"ఇందులో ఏముంది సార్? ఏటా చింతచెట్లను పాటలో పెడతాండాం గదా. పింఛనోళ్లను గూడా అట్లనే పెడితే పోతుంది."

చెంగల్రాయులు నాలుక కరుచుకున్నాడు. ప్రత్యేకాధికారిగారు మెల్లగా కుర్చీలోంచి లేచారు. తిడతారనుకుంటే చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక మిగతావాళ్లూ కొట్టారు.

"ఇది కదా క్షేత్రస్థాయి మేధస్సు!" అన్నారు. "చెంగల్రాయులుగారూ, నాలుగు గంటలకల్లా ముసాయిదా నా బల్ల మీద ఉండాలి."

చెంగల్రాయులు సంకటి తిని, చేయి కడుక్కుని, చింతచెట్ల వేలం ఫైలు తీశాడు. మొలకలపేట చుట్టుపక్కల రోడ్లకు ఇరువైపులా సర్కారు చింతచెట్లు వందల్లో ఉన్నాయి. ఏటా వాటి కాపును వేలం వేస్తారు, ఎండిన చెట్లను కట్టెలకు వేలం వేస్తారు. ఆ వేలం నిబంధనలు ఇరవై రెండు, మూడు పేజీలు. ఎప్పటి తెల్లదొరల కాలంనాటివో ఎవరికీ తెలియదు. చెంగల్రాయులు మొదటి పేజీలో 'చెట్టు' అని ఉన్నచోటల్లా కొట్టేసి 'పింఛనుదారు' అని రాశాడు. రెండో పేజీలోనూ చాలావరకు అలాగే చేశాడు. మూడో పేజీకి వచ్చేసరికి టీ అంగడి నుంచి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. మూడో పేజీ ఆయన చదవలేదు. ప్రత్యేకాధికారిగారూ చదవలేదు. ఆపై అధికారులు మూడో పేజీ చదివే ఆచారం ఎటూ లేదు. నెల తిరక్కుండా 'పండుటాకుల ప్రగతి పథకం' అమల్లోకి వచ్చింది.

పథకం చాలా సులువైనది. ప్రభుత్వం ఒక్కో పింఛనుదారు పేరిట ఒకేసారి ఇంతని ముట్టజెప్పి చేతులు దులుపుకుంటుంది. ఆ మొత్తాన్ని ఎవరు అందరికంటే తక్కువ అడిగితే ఆ పింఛనుదారు వాళ్లకు చెందుతాడు. ఆ పైన ఆయన బతికున్నంత కాలం నెలనెలా పింఛను ఇచ్చుకోవాల్సింది పాటదారే. మనిషి తొందరగా పోతే పాటదారుకు లాభం, పోకపోతే నష్టం. ఒక్కొక్కరికి మూడుసార్లు పాట పెడతారు. మూడో పాట అయిన రోజునుంచి ట్రెజరీలో చెల్లింపులు బంద్ అని మొదటి పేజీలోనే ఉంది.

పింఛనుదార్ల సంఘాలవాళ్లు బ్యానర్లు కట్టి రెండు రోజులు కూర్చున్నారు. ప్రత్యేకాధికారిగారు వాళ్ల దగ్గరికి వచ్చి, "పెద్దలారా, ఇన్నాళ్లూ ప్రభుత్వం మిమ్మల్ని భారంగా పరిగణించింది. ఇకపై మార్కెట్టు మీ వాస్తవ విలువను ఆవిష్కరించబోతోంది" అని నమస్కారం పెట్టారు. తమ వాస్తవ విలువ ఎంతో తెలుసుకోవాలని చాలామందికి లోలోపల ఉబలాటంగానే ఉండింది. మూడో రోజు బ్యానర్లు విప్పేశారు.

మొదటి పాట నాటికి చెంగల్రాయులు రిటైరై నెల దాటింది. ఆయన నెంబరు పదిహేడు. నాలుగో నిబంధన ప్రకారం ప్రతి పింఛనుదారు మీదా మనిషి కంటపడే ఎత్తులో తెల్లరంగుతో నెంబరు వేయాలి. చొక్కా పాడవుతుందని వీఆర్వో దయతలచి అట్ట మీద రాసి పిన్నీసుతో గుచ్చాడు. ఐదో నిబంధన ప్రకారం ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీసి రిజిస్టరులో రాసుకున్నాడు. "ఇదంతా ఎందుకప్పా?" అని చెంగల్రాయులు విసుక్కుంటే, "మీరు రాసిందే గదా సార్" అన్నాడు వీఆర్వో. చెంగల్రాయులు గాలి బిగబట్టి కొలతకు నిలబడ్డాడు.

పాటదార్లు ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దవాడు బాలగురవయ్య. నలభై ఏళ్లుగా చింతచెట్లు పాడుకుంటున్నవాడు. మాను మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, ఈ చెట్టుకు ఇంత కాపు వస్తుందని చెబితే ఒక బుట్ట అటూ ఇటూ తేడా వచ్చేది కాదు.

పదహారో నెంబరు ఖాదర్‌వలీ అయివారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేశాడు, చెంగల్రాయులుకు నలభై ఏళ్ల స్నేహితుడు. ఒకప్పుడు నల్లబల్ల మీద ఏ సాధనమూ లేకుండా ఒక్క ఊపున గుండ్రంగా సున్న గీసేవాడు. పిల్లలు తాడు పెట్టి కొలిచి చూసి నోళ్లు తెరిచేవాళ్లు. ఇప్పుడు షుగరు ముదిరి, చేతులు వణికి, టీ గ్లాసు నిండుగా పోస్తే సగమే నోటికి చేరుతోంది. దానికి తోడు దగ్గు. బాలగురవయ్య ఆయన వెనక చేరి, వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించాడు. ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి మిగతా ఇద్దరూ తగ్గించి పాడటం మొదలుపెట్టారు. పది నిమిషాలు హోరాహోరీగా సాగి చివరికి బాలగురవయ్యకే పోయింది.

"చూసినావా రాయలూ?" అంటూ ఖాదర్‌వలీ చెమట తుడుచుకున్నాడు. "నాకోసరం ముగ్గురు కొట్లాడినారు. నా పెండ్లికి గూడా ఇంత పోటీ లేదు."

తర్వాత చెంగల్రాయులు లేచాడు. తనకూ కనీసం పావుగంట పోటీ ఉంటుందని ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఎంతైనా పథకం రాసినవాడు. బాలగురవయ్య వీపు మీద ఒక దెబ్బ కొట్టాడు. రెండో దెబ్బ కొట్టలేదు.

"చేవ మాను సార్ ఇది. ఇంగ ముప్పై ఏండ్లు కదల్దు. పొద్దున్నే ఐదు మైళ్లు నడుస్తాడు, నేను రోజూ చూస్తానే ఉండా. నేను పొయినాక నా మనవళ్లు గూడా ఈయనకు కట్టాల. నాకొద్దు."

పాట పిలిచే ఆఫీసు డఫేదారు ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు, మూడోసారి అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. చెంగల్రాయులు అట్ట విప్పి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

"ఎంతకు పోయినారు?" అని అడిగింది భార్య వనజాక్షమ్మ.

"పోలేదు."

ఆమె నవ్వింది. తర్వాత లెక్క గుర్తుకొచ్చి నవ్వు ఆపేసింది. అద్దె ఇల్లు. ఆమె మోకాళ్ల మందులు. ఒకటో తేదీన వచ్చే పింఛను తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు. "మూడు పాటలకూ పోకపోతే ఎట్లా?" అంది. చెంగల్రాయులు మర్నాడే వెళ్లి ప్రత్యేకాధికారిగారిని అదే అడిగాడు. "మార్కెట్టు తిరస్కరించిన యూనిట్ల విషయం సమగ్ర పరిశీలనలో ఉంది" అన్నారాయన. ఆ వాక్యం చెంగల్రాయులుకు బాగా తెలుసు. ముప్ఫై ఆరేళ్లు ఆయన జనాన్ని ఆ వాక్యంతోనే పంపించాడు. దాని అర్థం ఏమీ జరగదని కూడా ఆయనకే తెలుసు. మెట్లు దిగుతుంటే మొదటిసారి భయం వేసింది.

రెండో పాటకు నెల గడువు. చెంగల్రాయులు నడక మానేశాడు. మంచం మీద పడుకుని సంకటి తెప్పించుకుని తిన్నాడు. మెడకు మఫ్లరు చుట్టాడు. దగ్గు నేర్చుకోవడానికి రోజూ ఖాదర్‌వలీ ఇంటికి వెళ్లేవాడు.

"గొంతులోంచి గాదు రాయలూ, కడుపులోంచి రావాల. ఇదో, ఇట్లా. ఒక దగ్గుకూ ఇంగో దగ్గుకూ నడాన కొంచెం ఆగాల. ఆ ఆగేదాంట్లోనే ఉండేదంతా" అని ఖాదర్‌వలీ ఓపిగ్గా నేర్పేవాడు.

అక్కడికి వెళ్లినప్పుడే చెంగల్రాయులు పథకం నడిచే తీరు దగ్గరగా చూశాడు. బాలగురవయ్య పొద్దున్నే కిలో జిలేబీ పంపేవాడు. మధ్యాహ్నానికి మైసూర్‌పాక్. అయివారు కాలు కదపకుండా వీధి చివరి మసీదుకు పోవడానికి కూడా ఆటో పెట్టాడు. సాయంత్రం స్వయంగా వచ్చి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, "ఎట్లుంది అయివారూ ఒళ్లు?" అని అడిగేవాడు. అంత శ్రద్ధగా ఆ మాట ఖాదర్‌వలీని సొంత కొడుకులు కూడా అడగలేదు. బాగుందంటే పాపం బాలగురవయ్య ముఖం వాడిపోయేది. అది చూడలేక ఖాదర్‌వలీ మర్యాదకు, "ఈపొద్దు కొంచెం నలతగానే ఉందిలేప్పా" అనేవాడు. బాలగురవయ్య తేలికపడి ఇంకో పొట్లం విప్పేవాడు.

"ఏందప్పా ఇది, మనిషిని చంపుతావా?" అని ఒకరోజు చెంగల్రాయులు నిలదీశాడు.

బాలగురవయ్య నొచ్చుకున్నాడు. "నేను చెట్టును నరికేవాణ్ణి గాదు సార్. రాలిందాకా కాసుకోని ఉంటా. నిబంధనల్లో తొమ్మిదోది చూడండి. 'పాటదారు నీరు, ఎరువు తన ఇష్టప్రకారము వేసికొనవచ్చును.' మీరు రాసిందే."

చెంగల్రాయులు మఫ్లరు సర్దుకుని దగ్గు ప్రాక్టీసు చేసుకుంటూ ఇంటికి వచ్చాడు.

రెండో పాటలో ఆయన కడుపులోంచి దగ్గాడు. మధ్యలో ఆగాడు. మళ్లీ దగ్గాడు. బాలగురవయ్య కళ్లు మూసుకుని విని తల అడ్డంగా ఊపాడు. "ఈ దగ్గు ఖాదర్‌వలీ అయివారిది సార్. నేను కొనుక్కున్న దగ్గు నాకే అమ్ముతాండారు" అన్నాడు. షామియానా కింద అందరూ నవ్వారు. చెంగల్రాయులుకు కూడా నవ్వొచ్చింది గాని, నవ్వితే ఆరోగ్యం బయటపడుతుందని ఆపుకున్నాడు.

మూడో పాటకు ముందు డాక్టరు దగ్గర సర్టిఫికెట్టుకు పోయాడు. డాక్టరు బీపీ చూసి నర్సును పిలిచి మరీ చూపించాడు. "మా దగ్గరికి వచ్చేవాళ్లందరిలో పుస్తకంలో రాసినట్టు ఉండేది మీ బీపీ ఒక్కటే" అని మెచ్చుకుని పంపేశాడు. తనను చూసి తనకే అసహ్యం వేసింది చెంగల్రాయులుకు. బతికున్నందుకు సిగ్గుపడాల్సిన రోజు వస్తుందని, ఆ రోజును తన చేత్తో తానే రాసుకుంటాడని ఆయన కలలో కూడా అనుకోలేదు.

మూడో పాట రోజున దుప్పటి కప్పుకుని, కర్ర పట్టుకుని, వనజాక్షమ్మ భుజం మీద చేయివేసి వచ్చాడు. ఆమె మోకాళ్ల నొప్పులతో కుంటుతూ ఆయన్ని మోస్తూ వచ్చింది. చూసినవాళ్లెవరికైనా ఆమెనే పాట పెట్టారేమో అనిపించేది. డఫేదారు ఒకటోసారి అన్నాడు. చప్పుడు లేదు. రెండోసారి అన్నాడు. అప్పుడు వనజాక్షమ్మకు రోషం వచ్చింది. కట్టుకున్నవాణ్ణి మూడు పాటలుగా అందరూ వద్దంటుంటే ఏ ఆడది మాత్రం ఊరుకుంటుంది?

"ఏమప్పా బాలగురవయ్యా, మా ఆయనకేం తక్కువ? గురక పెడితే పక్కింటోళ్లు లేచి కూసుంటారు. కండ్లజోడు నెత్తిన పెట్టుకోని ఇల్లంతా దేవులాడతాడు. ఉప్పు తక్కువైతే ఒళ్లంతా వణికిపోతాది కోపంతో. ఏదో ఒక ధరకు తీస్కో!"

బాలగురవయ్య చేతులు జోడించాడు. "తల్లీ, నువ్వు చెప్పేటివన్నీ మొగుళ్ల జబ్బులు. పొయ్యే జబ్బులు గాదు."

మూడోసారి కూడా అయిపోయింది. ప్రత్యేకాధికారిగారు గొంతు సవరించుకుని, "దురదృష్టవశాత్తు పదిహేడో యూనిట్ మార్కెట్టు విశ్వాసాన్ని చూరగొనడంలో విఫలమైంది" అని ప్రకటించారు.

"అయితే ఒకటో తేదీకి మేమేం తినాల సార్?" అని అడిగింది వనజాక్షమ్మ. గట్టిగా అడగలేదు. అయినా షామియానా చివరిదాకా వినబడింది. ఆమె కళ్లనీళ్లు చూసి చెంగల్రాయులు కర్ర కింద పడేశాడు.

ప్రత్యేకాధికారిగారు ఇబ్బందిగా కదిలి, అంతమందిలో ఏదో ఒకటి చెప్పక తప్పదు గనుక నిబంధనల కాగితాలు అందుకున్నారు. మొదటి పేజీ తిప్పారు. రెండో పేజీ తిప్పారు. పథకం పుట్టాక మొదటిసారి మూడో పేజీ గాలి పీల్చుకుంది. ఆయన పైకి చదివారు.

"నిబంధన పదిహేను. మూడు పాటలయందును పాటదార్లు ముందుకు రాని చెట్లను ప్రభుత్వమే అమానీలో ఉంచుకొని, పూర్వపు పద్ధతినే కొనసాగించవలెను."

"అమానీ అంటే?" అన్నారు ఆయనే.

డఫేదారు చెప్పాడు. "ఎవురూ పాడుకోకపోతే సర్కారే చూసుకునేది సార్. ఈ సార్‌కు పింఛను ట్రెజరీ నుంచి మామూలుగానే వస్తాది. బతికున్నన్నాళ్లూ."

"ఎవరు రాశారిది?" అని ప్రత్యేకాధికారిగారు అరిచారు.

"నేనే సార్" అన్నాడు చెంగల్రాయులు.

"ఎందుకు రాశారు?"

"చింతచెట్లకు అట్లనే ఉంది సార్."

ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో తాను చేసిన ఒకే ఒక్క మంచిపని చదవకుండా చేసిందని చెంగల్రాయులుకు ఆ క్షణాన అర్థమైంది. దుప్పటి తీసి వనజాక్షమ్మకు కప్పాడు. ఆమె ఏడుస్తూనే నవ్వుతోంది.

ఈ వార్త సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. తెల్లారేసరికి మొలకలపేటలో ఇంకా పాటకు రాని పింఛనుదార్లంతా రోడ్ల మీద ఉన్నారు. పదేళ్లుగా గడప దాటనివాళ్లు కూడా పంచెలు ఎగ్గట్టి నడుస్తున్నారు. మరుసటి వారం పాటలో రిటైర్డు తహసీల్దారు ఒకాయన ప్రత్యేకాధికారిగారి ఎదుటే ఇరవై గుంజీలు తీసి, ఆయాసం బయటపడకుండా ముక్కు మూసుకుని నిలబడ్డాడు. డెబ్బై ఆరేళ్ల రిటైర్డు నర్సు ఒకావిడ తన నెంబరు పిలవగానే తొక్కుడుబిళ్ల ఆడుతూ వచ్చింది. మిగతా పాటదార్లు ఇద్దరూ మధ్యాహ్నానికి ముందే బస్సెక్కారు. ఒక్కరు కూడా పాటలో పోలేదు.

ఆ సాయంత్రం ఖాదర్‌వలీ చెంగల్రాయులు ఇంటికి వచ్చాడు. ఆటోలో రాలేదు. గోడలు పట్టుకుని నడిచి వచ్చాడు. అరుగు మీద కూలబడి చాలాసేపు దగ్గి, "మీరంతా ఒడ్డెక్కినారు. మరి నేను రాయలూ?" అన్నాడు.

చెంగల్రాయులు తల ఎత్తలేకపోయాడు. దగ్గు నేర్పిన మనిషి. ఆ దగ్గు తనకు పనికి రానందుకు తాను గట్టున ఉన్నాడు, ఆయనకు పనికొచ్చినందుకు ఆయన నీళ్లలో ఉన్నాడు. ఇదంతా ఒక పూట ఆకలికి ఓర్చుకోలేక తాను అన్న మాట. "తప్పు నాదే అయివారూ" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు పోయి చింతచెట్ల ఫైలు అడిగి తీసుకుని, బెంచీ మీద కూర్చుని, ఇరవై రెండు నిబంధనలూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. జీవితంలో ఒక కాగితాన్ని పూర్తిగా చదవడం ఆయనకు అదే మొదలు. ఎంత బాగా రాశారో అనిపించింది. ఆ రాసినవాడెవడో చెట్లంటే ప్రేమ ఉన్నవాడు. పంతొమ్మిదో నిబంధన దగ్గర ఆగిపోయాడు. రెండోసారి చదివి, ఫైలు అక్కడే పెట్టి ఖాదర్‌వలీ ఇంటికి పరుగెత్తాడు.

"ఎండిపోవుచున్నదని పాడుకొనిన చెట్టు తిరిగి చిగిర్చినచో, గ్రామాధికారి తనిఖీ చేసి పంచనామా వ్రాసిన మీదట, పాట రద్దు కాబడి చెట్టు ప్రభుత్వమునకు దఖలు పడును."

"అంటే నేను చిగుర్లు వెయ్యాలనా?" అన్నాడు ఖాదర్‌వలీ.

"వెయ్యాల. లెయ్యి."

ఆ రోజునుంచి పొద్దున్నే ఇద్దరూ నడిచారు. మొదట వీధి చివరిదాకా. తర్వాత మసీదుదాకా. ఆ తర్వాత చింతచెట్ల రోడ్డు మీద మొదటి మైలురాయిదాకా. వెనకాలే బాలగురవయ్య పంపిన ఆటో, అందులో జిలేబీ పొట్లం. "ఎక్కండి సార్, కాళ్లు నొప్పెడతాయి" అని డ్రైవరు బతిమాలేవాడు. జిలేబీలు ఆ డ్రైవరే తిన్నాడు, రెండు నెలల్లో చొక్కా గుండీలు తెంచుకున్నాడు. వనజాక్షమ్మ రెండు పూటలా రాగి సంకటి, ఆకుకూర పంపింది. షుగరు మాత్రలు చెంగల్రాయులు తన పింఛనులోంచి కొన్నాడు. సాయంత్రం బాలగురవయ్య వచ్చి, "ఎట్లుంది అయివారూ?" అంటే, ఖాదర్‌వలీ గుండె రాయి చేసుకుని "బాగుందప్పా" అనడం నేర్చుకున్నాడు. దగ్గడం కంటే అదే కష్టమైందని తర్వాత చెప్పాడు.

మూడు నెలల తర్వాత దరఖాస్తు పెట్టారు. వీఆర్వో తనిఖీకి వచ్చాడు. ఆఫీసు ఆవరణలో బాలగురవయ్య, ప్రత్యేకాధికారిగారు, ఊళ్లో సగంమంది. వీఆర్వో ఖాదర్‌వలీ చుట్టూ రెండుసార్లు తిరిగి, తలపైకి చూసి, చంకల కిందికి చూసి, పెన్ను చెవిలో పెట్టుకున్నాడు.

"పంచనామాలో 'చిగురు ఎచట గమనించబడినది' అని గడి ఉంది సార్. నేనేం రాసేది?"

చెంగల్రాయులు దీనికి ఏ పాత ఫైలూ చూసి రాలేదు. ఏం చేయాలో తోచక దిక్కులు చూశాడు. ఖాదర్‌వలీ మాత్రం జేబులోంచి సుద్దముక్క తీసి, ఆఫీసు గోడ దగ్గరికి నడిచి, చేయి ఎత్తాడు. చేయి ఒక్క క్షణం వణికింది. తర్వాత ఆగింది. ఒక్క ఊపున సున్న గీశాడు.

ఆయన దగ్గర చదువుకున్న డఫేదారు తాడు తెచ్చి, నడిమధ్య ఒక కొస పట్టుకుని, రెండో కొస సున్న చుట్టూ తిప్పాడు. గీత మీదనుంచి తాడు ఎక్కడా పక్కకు పోలేదు. వీఆర్వో బాలగురవయ్య వైపు చూశాడు. పాటదారు ఒప్పుకోకపోతే పంచనామా చెల్లదు.

బాలగురవయ్య గోడ దగ్గరికి వెళ్లి ఆ సున్నను చాలాసేపు చూశాడు. తర్వాత ఖాదర్‌వలీ వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించాడు.

"చిగిర్చింది సార్" అన్నాడు. "నాకు నష్టమే. కానీ నలభై ఏండ్లు చెట్ల కింద బతికినోణ్ణి. పచ్చి మానును ఎండు మాను అని చెప్పలేను. రాసుకోండి."

వీఆర్వో గడిలో 'కుడిచేతియందు' అని రాశాడు. చెంగల్రాయులు ఆవరణలో అందరి ముందూ ఖాదర్‌వలీని కౌగిలించుకుని ఏడ్చేశాడు.

అంతకుముందు పాటలో పోయిన మిగతావాళ్లు కూడా అదే దారిన ఒక్కొక్కరే చిగిర్చాక, ప్రత్యేకాధికారిగారు పైకి పంపిన నివేదికలో, 'పింఛనుదారుల్లో నూటికి నూరుశాతం మందిని ప్రభుత్వ నిర్వహణలోనే నిలబెట్టిన తొలి ప్రైవేటీకరణ పథకం'గా దీన్ని వర్ణించారు. దానికి ఆయనకు పదోన్నతి వచ్చింది. వెళ్లేముందు చెంగల్రాయులును పిలిపించి, "ఇటువంటి క్షేత్రస్థాయి ఆలోచనలు ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు. బీరువాలో, దారితప్పిన గొడ్లను కట్టేసే బందెలదొడ్డి నిబంధనల ఫైలు చెంగల్రాయులుకు కనబడుతూనే ఉంది. టైము ఒంటిగంటన్నర. ఆకలి దంచేస్తోంది. "లేవు సార్" అని ఆయన ఇంటికి వచ్చి సంకటి తిన్నాడు.

నవంబరు వచ్చింది. బతికున్నట్టు ఏటా ఇచ్చే ధ్రువపత్రం కోసం చెంగల్రాయులు, ఖాదర్‌వలీ ట్రెజరీకి నడిచి వెళ్లారు. అమానీ పింఛనుదార్లకు ఫారం వేరే అచ్చు వేశారు. అది మూడో పేజీ వెనక జతపరిచిన నమూనా. దానిలో ఒకే ఒక్క ప్రశ్న ఉంది.

'చెట్టు నిలిచి ఉన్నదా?'

చెంగల్రాయులు అలవాటుకొద్దీ జేబులోంచి ఎర్రపెన్ను తీశాడు. 'చెట్టు' మీద గీత పెట్టబోయి ఆగాడు. పక్కన ఖాదర్‌వలీ నిటారుగా నిలబడి, చేయి వణక్కుండా తన ఫారం నింపుకుంటున్నాడు. చెంగల్రాయులు ఎర్రపెన్ను మూతపెట్టి లోపల పెట్టుకున్నాడు. నీలంపెన్ను తీసి, ఏ ఫైలూ చూడకుండా, తన జీవితంలో మొదటి సొంత వాక్యం రాశాడు.

'ఉన్నది. పక్కన ఇంకొకటి కూడా ఉన్నది.'